ముగింపు పాట తర్వాత

అక్టోబర్ 2, బుధవారం

మనసులో గుచ్చుకుంటున్నది నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి దేవుడి ముందు పెట్టమన్నారు పాస్టర్‌గారు. అందుకని కొలతల పుస్తకం తిరగేసి వెనకనుంచి మొదలుపెట్టాను. ముందు వైపు చర్చి తెల్ల అంగీల కొలతలు, వెనక వైపు నేను.

నాటకాలాడించిన మా నాన్న, బాబా అకిన్‌రిండే, పోయి ఈ నెల ఇరవై ఆరుకి ఇరవై ఐదేళ్ళు. మా ఊరు ఒషోగ్బోలో నాలుగు రోజుల నాటకోత్సవం పెట్టారు. గోడల నిండా ఆయన బొమ్మలే. కూరగాయల బజారులో టమాటాలమ్మే ఆమె వెనక కూడా బాబా చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. కమిటీకి అధ్యక్షుడు మా పెద్దన్నయ్య అకిన్‌లోలు, బాబా పెద్దభార్య, మా పెద్దమ్మ కొడుకు. నాకు ఇరవై రెండు వేషాల కుట్టుపని ఇచ్చాడు. అది గౌరవమేనని ఇరెతి అంటుంది. నా కూతురికి అన్నీ గౌరవాలే.

చివరి రోజు ఆడేది 'యుద్ధం నుంచి వచ్చినవాడు'. ఈ రోజు రిహార్సల్‌కి కొలతలు తీసుకోవడానికి వెళ్ళాను. చివరిదాకా చూశాను. ముగింపు పాట పాడారు, చప్పట్లు కొట్టుకున్నారు, ఇళ్ళకి వెళ్ళిపోయారు.

అమ్మ సీను లేదు.

అక్టోబర్ 3, గురువారం

నాకెందుకు? నేను కుట్టేదాన్ని. ప్రభువు నన్ను ఆ రంగస్థలం మీదనుంచి దింపి ముప్పై ఏళ్ళయింది.

అక్టోబర్ 4, శుక్రవారం

అయినా వెళ్ళాను. ఆడించేవాడు దిమేజి, లేగోస్ నుంచి వచ్చాడు, ముప్పై నిండి ఉండవు. మంచివాడే. అందరికీ ఆకారా వడలు కొనిపెడతాడు. పక్కకి పిలిచి చెప్పాను.

"నాయనా, పాట అయ్యాక ఇంకో సీను ఉంది."

"ఏంటమ్మా? కొంచెం గట్టిగా."

"పాట తర్వాత. కొడుకు పోయిన తల్లి వాళ్ళతో కలిసి ఆడదు. పీట మీద కూర్చుంటుంది, రాజుకి వీపు పెట్టి. మాట్లాడుతుంది."

అతను పుస్తకం తీశాడు. ప్రొఫెసర్ ఒయెగోకే అచ్చు వేయించిన పుస్తకం, అంచులు నలిగి ఉంది. చివరి పేజీ నా ముఖం ముందు పెట్టాడు. "ఇదిగో. 'అందరూ విజయగీతం పాడుదురు. తెర.' పుస్తకంలో లేదు కదమ్మా."

"పుస్తకంలో లేదు. నాటకంలో ఉంది."

అటుపక్క డోళ్ళు మొదలయ్యాయి. "ఇరెతి అమ్మా, ఒక్క నిమిషం," అని వెళ్ళిపోయాడు. గంటన్నర నిలబడ్డాను. ఆ ఒక్క నిమిషం రాలేదు.

నా గొంతే అంత. చర్చిలో నేను సాక్ష్యం చెబితే పక్కామె "ఆమెన్ ఎప్పుడనాలి?" అని అడుగుతుంది.

అక్టోబర్ 5, శనివారం

రాజు అంగీ మెడ మూడోసారి విప్పాను. కరెంటు లేదు.

అక్టోబర్ 8, మంగళవారం

పెద్దన్నయ్య ఇంటికి వెళ్ళాను. వదిన మోయిన్‌మోయిన్ పెట్టింది, అలసంద పిండి ఆకులో ఉడికించింది. అన్నయ్య ఎదురుగా నేలమీద మోకరించి పలకరించాను, కుర్చీలో కూర్చోమన్నాడు. ఇంతవరకు బాగానే ఉంది.

"పెద్దన్నయ్యా, ఆ చివరి సీను సంగతి..."

"ఏ సీను?"

"అమ్మ చేసేది."

"ఆ నాటకంలో తల్లి వేషం నాలుగేళ్ళు మా అమ్మ వేసింది, మొరెనికే."

"అవునన్నయ్యా, మొదట్లో పెద్దమ్మే వేసింది. తర్వాత మా అమ్మ వేసినప్పుడు బాబా ఆ సీను కలిపాడు."

"కలిపాడో, మీ అమ్మే పట్టు పట్టి కలిపించుకుందో, ఎవరికి తెలుసు?" నవ్వాడు. వదిన నవ్వలేదు, ప్లేటు తీసుకుని లోపలికి పోయింది. "చూడు, కార్యక్రమం అచ్చయిపోయింది. ముగింపు పాటకి కమిషనర్‌గారు స్టేజీ ఎక్కి మనతో ఆడతారు, ఫొటోలు తీస్తారు. అప్పుడు నీ తల్లి వచ్చి వీపు చూపిస్తుందా ఆయనకి?"

"రాజుకి చూపిస్తుంది."

"ఆ పక్కనే కదే ఆయన ఉండేది!"

ఐదుగురు భార్యల ఇంట్లో పుట్టినవాళ్ళం. ఎక్కడ నోరు మూసుకోవాలో నాకు పాలతో పాటే పట్టారు. మూసుకున్నాను. వచ్చేటప్పుడు వదిన గేటు దగ్గర, "నేను చూశాను ఆ సీను. ఇలేషాలో. నాకప్పుడు పెళ్ళి కాలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు," అంది.

"అయితే అన్నయ్యతో చెప్పు వదినా."

"నేనా? నేను ఇంకా ఈ ఇంట్లోనే ఉండాలమ్మా."

అక్టోబర్ 9, బుధవారం

పన్నెండు అంగీలు అయ్యాయి.

అక్టోబర్ 12, శనివారం

డోలు వాయించే బాబా అయాన్‌తాయోని చూడటానికి ఒకే-బాలే పేటకి వెళ్ళాను. బాబా బృందంలో మిగిలింది ఆయనొక్కడే. ఎనభై దాటాయి. ఉత్సవానికి ఆయన్నీ పిలిచారు, ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పడానికి కాదు, వెనక వాయించడానికి. ఆయనకి అదే ఇష్టం.

నన్ను చూసి లేవలేదు, చంకలో డోలు నొక్కి నా పేరు వాయించాడు. మొరెనికే. మా ఊళ్ళో డోలువాళ్ళు అంతే, నోరు తర్వాత తెరుస్తారు.

"బాబా, ఆ సీను పాట తర్వాత ఎందుకు పెట్టారు? అందరూ లేచి చెప్పులు వెతుక్కునేటప్పుడు?"

"నీకు తెలీదూ? అప్పట్లో ఊళ్ళో అధికారమంతా సైనికాధికారులది కదా. ముందు వరస వాళ్ళదే. కుర్చీలో కూర్చుని ప్రతి మాటా వినేవాళ్ళు. ముగింపు పాట మొదలవగానే లేచిపోయేవాళ్ళు. పెద్దమనుషులు జనంలో ఇరుక్కోరు, కారు ఎదురు చూస్తుంటుంది. వాళ్ళ కారు మలుపు తిరిగాక మీ అమ్మ నోరు తెరిచేది." దగ్గు వచ్చేంత నవ్వాడు. "మీ నాన్న భయస్తుడు. భయస్తుడికే అంత తెలివి వస్తుంది."

ప్రొఫెసర్ తన పుస్తకం ముందుమాటలో రాశాడు, అకిన్‌రిండే సైనికుల మెప్పు కోసం విజయగీతంతో నాటకం ముగించాడని. యూనివర్సిటీలో పిల్లలు అదే చదివి పరీక్షలు రాస్తున్నారు. బాబా రాజుల పక్షం అని.

"మరి ఎవరూ చెప్పలేదా ఆయనకి?"

"పుస్తకం వచ్చిన రోజు మీ నాన్న దాన్ని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. తెరవలేదు. నాటకం తలలో ఉన్నవాడికి పుస్తకమెందుకు? మేమా, చదవలేం. మీ అమ్మ అప్పటికే మంచం పట్టింది." తర్వాత నావైపు వింతగా చూశాడు. "ఆయన టేపు విని కదా ఆ పుస్తకం రాసింది. ఆ టేపు ఎవరు పట్టారే?"

"ప్రొఫెసరే. అప్పుడు విద్యార్థి కదా," అన్నాను. పొద్దుపోతోందని లేచాను.

అక్టోబర్ 13, ఆదివారం

చర్చి పాటల్లో మనసు నిలవలేదు. చెప్పుల్లేని కాళ్ళకి నేల చల్లగా తగిలింది, అంతే.

ఆ రోజు బ్యాటరీ అయిపోయింది. అందుకే టేపు ఆగింది. చిన్నప్పటి సంగతి.

అక్టోబర్ 16, బుధవారం

ప్రొఫెసర్ వచ్చాడు. తల పండిపోయింది. నన్ను గుర్తుపట్టి, "అబెకే అమ్మ కూతురివి కదూ! మా టేప్‌రికార్డర్ పిల్లవి!" అని అందరి ముందూ భుజం తట్టాడు. దిమేజి "ఓహో" అన్నాడు. 

రేపు ఉదయం ఆయన ఉపన్యాసం ఉందట. అంశం: ఆ నాటకం ముగింపు.

అక్టోబర్ 17, గురువారం

గంటా పది నిమిషాలు. బాబా ఎందుకు రాజీ పడ్డాడో చెప్పాడు. బాగా చెప్పాడు. నేను కూడా దాదాపు నమ్మాను. వెనక వరసలో ఒక కుర్రది ప్రశ్న అడిగింది: "అయితే ఆయన్ని మనం ఎందుకు తలుచుకుంటున్నాం సార్?" అందరూ నవ్వారు.

నేను చెయ్యెత్తాను. మైకు తెచ్చేవాడు నన్ను దాటి వెళ్ళాడు. మళ్ళీ ఎత్తాను. సమయం అయిపోయిందన్నారు.

బ్యాటరీ కాదు. పాట రాగానే ఆపమని ప్రొఫెసరే చెప్పాడు. క్యాసెట్లు ఖరీదు, ముగింపు పాట ప్రతి నాటకానికీ ఒకటే, దానికి టేపు దండగ. అందరూ అలాగే ఆపేవాళ్ళు. నేనేం చేశాను?

అక్టోబర్ 18, శుక్రవారం

ప్రభువా, అబద్ధం రాశాను. ఈ పుస్తకంలో కూడా.

అక్టోబర్ 20, ఆదివారం. చర్చి నుంచి వచ్చాక.

కూర్చుని మొత్తం రాస్తాను, తర్వాత పని.

నాకు పద్నాలుగేళ్ళు. ఎడేలో, స్కూలు మైదానంలో ఆట. ప్రొఫెసర్ నోట్సు రాసుకోవాలని టేప్‌రికార్డర్ నా ఒళ్ళో పెట్టి, "టేపు అయిపోయేదాకా తిరగనీ, నువ్వు ముట్టుకోకు," అన్నాడు. అదీ ఆయన చెప్పింది. ముట్టుకోకు అని.

ఆ సీనులో తల్లి చచ్చిపోయిన కొడుకుని లాలనగా పిలుస్తుంది. నాటకంలో ఆ కొడుక్కి వేరే పేరుంది. అమ్మ మాత్రం ప్రతి ఊళ్ళో, ప్రతి ఆటలో, అలాబీ అని పిలిచేది. అలాబి నా తమ్ముడు. మూడేళ్ళకి తట్టు వచ్చి పోయాడు. ఇంట్లో వాడి పేరు ఎత్తనిచ్చేది కాదు. స్టేజీ మీద జనం ముందు పిలిచేది, కడుపులోంచి పిలిచేది, జనం ఏడ్చేవాళ్ళు.

నాకూ ఉంది ఆమె పెట్టిన లాలన పేరు. అజోకే. వాడు పోయాక మళ్ళీ ఆ పేరుతో నన్ను పిలవలేదు. మొరెనికే, నీళ్ళు తే. మొరెనికే, పీట తియ్యి. తెర పక్కన కూర్చుని రెండేళ్ళు విన్నాను, చచ్చినవాడికి అన్ని పేర్లూ, బతికున్నదానికి పీట తీసే పని.

ఆ రోజు పాట మొదలైంది. అధికారులు లేచారు. అమ్మ పీట మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. నేను మీట నొక్కేశాను. యంత్రం ఒళ్ళోంచి దింపి, మైదానం దాటి, వేరుశనగలమ్మే ఆమె దగ్గరికి పోయి, చెవులు మూసుకుని నిలబడ్డాను.

అమ్మ మాటలు లోకంలో లేకుండా చేసింది నేను. బాబాని పిరికివాణ్ణి చేసిందీ నేనే. ఆ కుర్రదాని ప్రశ్నకి జవాబు నా బొటనవేలి కింద ఉంది.

అక్టోబర్ 21, సోమవారం

ఉపవాసం ఉండి ప్రొఫెసర్ దిగిన గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాను. మోకరించాను. మొత్తం చెప్పాను. ఈసారి గట్టిగానే చెప్పాను, పక్కగది తలుపు కూడా తెరుచుకుంది.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"లేమ్మా, లే. అప్పుడు నువ్వెంత పిల్లవి! అమ్మ పోయిన పిల్లలు అమ్మకి సీన్లు కల్పించుకుంటారు. నేనూ అంతే, మా నాన్న చేయని మంచిపనులు చాలా చెప్తుంటాను మనవళ్ళకి."

"నేను కల్పించలేదు సార్. మీట నొక్కాను."

"సరే, నొక్కావు. మిగతాది ఎవరు విన్నారు?"

"ఊరంతా."

"ఊరు సాక్ష్యం కాదమ్మా. కాగితం కావాలి, టేపు కావాలి."

"ఆ టేపు లేకుండా చేసింది నేనే అంటున్నా కదా!"

"అదే నేనూ అంటున్నా. లేదు కదా." గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చాడు. "పుస్తకం నాలుగోసారి అచ్చవుతోంది, తెలుసా?"

ముప్పై ఆరేళ్ళు దాచిన పాపాన్ని తీసుకెళ్ళి ఇస్తే పుచ్చుకోనన్నాడు. మంచినీళ్ళు తాగమన్నాడు. చర్చిలో ఒప్పుకుంటే క్షమించడానికైనా వింటారు.

దారంతా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మోటారుసైకిల్ వాడిమీద అరిచాను. "మమ్మీ, నేను మెల్లగానే పోతున్నా కదా," అన్నాడు పాపం.

అక్టోబర్ 23, బుధవారం

అయాన్‌తాయోకి చెప్పాను, టేపు ఆపింది నేనేనని.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా! మరి?"

"డోలువాడికి అన్నీ కనిపిస్తాయి. చేతులకే పని, కళ్ళు ఖాళీ." చాలాసేపు తోలు మీద వేళ్ళాడించాడు. "ఆ రోజు మీ అమ్మ చివర్లో ఒకటి కలిపింది. అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. నువ్వు వేరుశనగలమ్మి దగ్గరున్నావు."

"ఏంటది?"

"నోటితో రాదు. చేతిలో ఉంది. ఆ చోటు వస్తే చెయ్యి చెబుతుంది, ఊరికే చెప్పమంటే చెప్పదు."

బతిమాలాను. తిట్టాను కూడా, దేవుడు క్షమించాలి. ముసలాయన నిద్ర నటించాడు.

అక్టోబర్ 25, శుక్రవారం

అయిపోయింది. ఇరవై రెండు వేషాలూ ఇస్త్రీ చేసి పంపాను. నేను చేయగలిగింది చేశాను, మిగతాది ప్రభువుది. రేపు నేను వెళ్ళను. రంగస్థలం ఎక్కనని బాప్తిస్మానికి నీళ్ళలో దిగిన రోజున మాట ఇచ్చినదాన్ని.

అక్టోబర్ 26, శనివారం. ఉదయం.

తల్లి వేషం వేసే బిసోలా తలపాగా నిలబడటం లేదని ఫోను. పిన్నులు పెట్టి వచ్చేస్తాను.

అక్టోబర్ 27, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. 

నాలుగింటికి మొదలైంది. హాలు నిండింది. తెర పక్కన నిలబడ్డాను, నోట్లో ఆరు పిన్నులు పెట్టుకుని, ఎప్పుడు ఏది ఊడుతుందోనని. వాళ్ళు బాగా చేశారు. కొడుకు శవాన్ని బట్ట కప్పి తెచ్చారు. రాజు తల్లికి బిరుదు ఇచ్చాడు, పట్టుబట్ట ఇచ్చాడు. ముగింపు పాట ఎత్తుకున్నారు. బిసోలా ఆ పట్టుబట్ట కప్పుకుని అందరితోపాటు ఆడటం మొదలుపెట్టింది. పెద్దన్నయ్య కమిషనర్‌ని చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించాడు. కెమెరాలు మెరిశాయి. కింద జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

పీట అక్కడే ఉంది. మధ్యలో. ఆడేవాళ్ళ కాళ్ళకి తగిలేలా ఉంది.

మొరెనికే, పీట తియ్యి.

దాన్ని తీయడానికే వెళ్ళాను. ప్రభువు సాక్షి, తీయడానికే. వంగి చెయ్యి వేశాను. లేవలేదు, పీట కాదు, నేను. కూర్చున్నాను. ఎటు తిరిగి కూర్చున్నానో అప్పుడు చూసుకోలేదు. రాజుకి, కమిషనర్‌కి, పెద్దన్నయ్యకి వీపు పెట్టి కూర్చున్నాను.

నోట్లో పిన్నులు. మాట్లాడటానికి లేదు. మాట్లాడినా ఎవరికి వినపడుతుంది?

"అమ్మా, ఏమైంది? కళ్ళు తిరిగాయా?" బిసోలా గుసగుస.

"మొరెనికే! లే!" పళ్ళ మధ్యనుంచి పెద్దన్నయ్య, నవ్వు ముఖంతోనే.

అప్పుడు అయాన్‌తాయో వాయించడం ఆపాడు. ఆయన ఆపితే మిగతా డోళ్ళు ఒక్కొక్కటీ ఆగాయి. పాట తెగింది. కమిషనర్ ఒక కాలు ఎత్తినవాడు అలాగే దించాడు.

ముసలాయన నా వెనక నుంచి ఎదురుగా వచ్చాడు. డోలు చంకలో నొక్కాడు. అమ్మ మాటలు అందులోంచి వచ్చాయి. తోలుకి పెదవులు లేవు, కానీ మా భాషకి స్వరం ఎత్తుపల్లాలు చాలు, హాలంతటికీ తెలిసింది:

విజయం ఇంటికొచ్చిందన్నారు. ఏ వాకిట్లో నిలబడి దాన్ని అన్నానికి పిలవను?

గుమ్మం దగ్గరికి చేరిన ముసలమ్మలు తిరిగి వచ్చి కూర్చున్నారు. ముందు ఇద్దరు, తర్వాత వరసంతా. వాళ్ళకి తెలుసు. ఒకామె డోలుతోపాటు పైకి అనేసింది, తర్వాతి మాట డోలుకంటే ముందే అనేసింది. మరొకామె అందుకుంది. పుస్తకంలో లేనిది వాళ్ళ నోళ్ళలో ఉంది. మా వదిన నోట్లో కూడా. ప్రొఫెసర్ మూడో వరసలో అటూ ఇటూ తల తిప్పుతున్నాడు, ఒక్కొక్క ముసలమ్మ నోటికేసి చూస్తూ.

తర్వాత డోలు కొడుకుని పిలిచింది. అలాబి. రెండు దెబ్బలు కింద, ఒకటి పైన. మళ్ళీ. మళ్ళీ. నేను చెవులు మూసుకోలేదు. ఎన్నిసార్లు పిలిచిందో అన్నిసార్లు విన్నాను.

ఆగింది. అయాన్‌తాయో నా ముఖంలోకి చూశాడు. మళ్ళీ వాయించాడు. ఒకటి కింద, ఒకటి మధ్యలో, ఒకటి పైన.

హాల్లో ఆ లాలన పేరుగలవాళ్ళు ఇరవై మంది ఉంటారు. ఎవరూ పట్టించుకోలేదు.

లేచి పీట తీసుకుని లోపలికి వచ్చేశాను. పిన్నులు చేతిలోకి ఉమ్ముకుంటే ఐదే ఉన్నాయి. ఆరోది కొంగుకి దొరికింది.

అక్టోబర్ 28, సోమవారం

పత్రికలో వచ్చింది. "ఘనంగా ముగిసిన నాటకోత్సవం. ముగింపు సమయంలో అలసిన కుట్టుపని మహిళ వేదికపై కూలబడగా వృద్ధ వాద్యకారుడు సమయస్ఫూర్తితో జనాన్ని రంజింపజేశారు." బొమ్మలో కమిషనర్, నా మోచెయ్యి.

పెద్దన్నయ్య ఫోను ఎత్తడం లేదు. వదిన ఉడికించిన యామ్ గడ్డ పంపింది, ఏమీ చెప్పకుండా.

పాస్టర్‌గారు మూడు రోజులు ఉపవాసం ఉండమన్నారు, మాట తప్పినందుకు. "ఉంటాను," అన్నాను. "పశ్చాత్తాపం ఉందా?" అని అడిగారు. దానికి మెల్లగా ఏదో అన్నాను. వినపడలేదు ఆయనకి. ఒక్కోసారి నా గొంతు నాకు మేలే చేస్తుంది.

అక్టోబర్ 31, గురువారం

ప్రొఫెసర్ షాపుకి వచ్చాడు. చర్చి అంగీల గుట్ట పక్కకి జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. తన ఊరు ఇబాదన్‌కి తిరిగి వెళ్ళలేదట. నాలుగు రోజులుగా ముసలమ్మల ఇళ్ళు తిరుగుతున్నాడట.

"పదకొండు మంది, మొరెనికే. పదకొండు మందీ ఒకే మాట చెప్పారు. ముప్పై ఆరేళ్ళు ఈ ఊళ్ళకి వస్తూనే ఉన్నాను. ఒక్కరినైనా అడగలేదు నేను, నాటకం ఎలా అయిపోతుందని." కళ్ళజోడు తీసి తుడవకుండా పట్టుకున్నాడు. "అచ్చు ఆపించాను. నువ్వు చెప్పు. మొదటినుంచి."

ఫోను తీసి కుట్టుమిషను మీద పెట్టాడు, రికార్డు నొక్కాడు. ఎర్ర చుక్క వెలిగింది. "ఈసారి నేనే పట్టుకుంటా," అన్నాడు. నవ్వాను, ఆయన కూడా నవ్వాడు.

చెప్పాను. పీట, వీపు, అధికారుల కార్లు, వాకిలి, అన్నం, అలాబి. అమ్మ పేరు పుస్తకంలో పూర్తిగా వేయమన్నాను: అబెకే అకిన్‌రిండే. రాసుకున్నాడు. మీట సంగతీ వేయమన్నాను. తల ఊపాడు.

"చివర్లో డోలు ఇంకొకటి ఏదో అంది. ముసలమ్మలకి ఎవరికీ గుర్తు లేదు. అయాన్‌తాయోని అడిగితే నిద్రపోయాడు. ఏంటది?"

ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. తెల్ల దారం సూదిలోకి ఎక్కించుకున్నాను.

"అది నాటకంలోది కాదు సార్," అన్నాను.